మినీ మెట్రోలో స్టేషన్ నిండిపోతోందా? రైలు వేసే ముందు ఎవరు నిలబడ్డారో చూడండి

మినీ మెట్రో అంటే స్టేషన్లను లైన్లతో కలిపి, రైళ్లతో ప్రయాణికులను చేరవేసే వీడియో గేమ్. అందులో లైన్ గీయడం, రైలు లాగి పెట్టడం వచ్చినవాళ్ల కోసమే ఇది. "బాగానే ఆడుతున్నా, ఉన్నట్టుండి పోయింది" అని స్క్రీన్‌షాట్ పంపేవాళ్లందరిదీ ఒకటే కథ. జనం ఎక్కువై స్టేషన్ చుట్టూ వలయం తిరగడం మొదలైంది (అది పూర్తిగా నిండితే ఆట పోయినట్టే), కంగారులో అక్కడికో రైలు వేశారు, అయినా ఆట పోయింది. జవాబు ఆ స్క్రీన్‌షాట్‌లోనే ఉంటుంది. చూసేవాళ్లే ఉండరు.

కంప్యూటర్ అయితే స్పేస్‌బార్, ఫోన్ అయితే మూలనున్న గడియారం నొక్కండి. ఆట ఆగినా లైన్లు మార్చుకోవచ్చు. ఇప్పుడు స్టేషన్ పక్కనున్న బుల్లి బొమ్మలు చూడండి. ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారపు స్టేషన్‌కి వెళ్లాలని వాళ్ల కోరిక. ఫలానా స్క్వేర్ అనేం లేదు, ఏ స్క్వేరైనా సరే. వాటిని చూడకుండా రైలు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా వినరు.

అన్ని ఆకారాలూ కలగలిసి ఉంటే

రైళ్లు చాలడం లేదు, అంతే. వచ్చే రైలు నిండుగా వస్తోందా, ఖాళీగా వచ్చి ఇక్కడ నిండుతోందా చూడండి. రైల్లో 6 సీట్లే. నిండుగా వస్తుంటే బోగీ తగిలించండి, ఇంకో 6 వస్తాయి. ఖాళీగానే వస్తున్నా ఆలస్యంగా వస్తుంటే ఇంకో ఇంజన్ వేయండి. ఒక లైన్ మీద 4 రైళ్లకు మించి పట్టవు కాబట్టి అక్కడికీ చాలకపోతే లైనే పొడుగైందని అర్థం. ఈ ఆట మ్యాపులు 1933లో అచ్చయిన హారీ బెక్ గీసిన లండన్ మెట్రో రైళ్ల మ్యాప్ పద్ధతిలో ఉంటాయి, గీతలన్నీ నిలువు, అడ్డం, 45 డిగ్రీల వాలు. బెక్ మ్యాపులో కనిపించే దూరాలకీ అసలు దూరాలకీ పొంతన ఉండదు. ఆటలో అలా కాదు, తెరమీద ఎంత దూరముంటే రైలు అంతసేపు నడుస్తుంది.

సర్కిల్ స్టేషన్ల వరసలో ట్రయాంగిళ్లు, స్క్వేర్లు పేరుకుంటే

నాలుగైదు సర్కిళ్లను వరసగా ఒకే లైన్‌లో గుచ్చేశారు. ఆ ప్రయాణికులకు ఆ నాలుగు స్టేషన్లూ పనికిరావు, చివరిదాకా సీట్లు పట్టుకుని కూర్చుంటారు. మధ్యమధ్యలో వేరే ఆకారం తగిలేలా లైన్ లాగండి.

జంక్షన్ నిండింది, రైళ్లు వేసేకొద్దీ ఇంకా నిండుతోంది

ఎక్కువ ఆటలు ముంచేది ఇదే. నాకు బాగా చురక తగిలింది కూడా ఇక్కడే.

లండన్ మ్యాపే తీసుకుందాం. నదికి ఉత్తరాన సర్కిళ్లతో నిండిన పొడవాటి పసుపు లైన్ ఉందనుకోండి, చివర ఒక ట్రయాంగిల్. ఆ ట్రయాంగిల్ నుంచే ఎర్ర లైన్ సొరంగంలో థేమ్స్ దాటి, ఉన్న ఒక్క స్క్వేర్ దగ్గరికి వెళ్తుంది. వలయం తిరిగేది ట్రయాంగిల్ దగ్గర. అందరూ ఏమనుకుంటారు? పసుపు లైన్ పొడుగు, రైళ్లు నిదానం, అక్కడే ఇంకోటి వేద్దామని. వేస్తారు. వలయం ఇంకా జోరుగా నిండుతుంది.

ఆపి చూస్తే ట్రయాంగిల్ పక్కన నిలబడ్డవన్నీ స్క్వేర్లే. వాళ్లలో ఎక్కువమంది ఆ స్టేషన్లో పుట్టినవాళ్లు కారు, పసుపు రైలు తెచ్చి దింపినవాళ్లు. పసుపు రైలు పెంచితే దిగేవాళ్లు పెరుగుతారు, తీసుకెళ్లేది మాత్రం అదే ఒక్క ఎర్ర రైలు. బిందె పొర్లుతుంటే కుళాయి ఇంకాస్త తిప్పినట్టు ఉంటుంది వ్యవహారం. మామూలు స్టేషన్‌లో 6 మంది దాటగానే వలయం మొదలవుతుంది కాబట్టి, నిండుగా వచ్చిన రెండు పసుపు రైళ్లు ఒకదాని వెనక ఒకటి చాలు.

ముందుగా పసుపు లైన్ నుంచి ఒక రైలు తీసి ఎర్ర లైన్ మీద పెట్టండి. అవును, తీయాలి. ఖాళీగా ఉన్నదే తీయండి, నిండు రైలు తీస్తే అందులోవాళ్లు ఏదో ఒక స్టేషన్ మీద పడతారు. ఇది ఊపిరి తీసుకోవడానికి మాత్రమే. అసలు మందు, లైన్ మారాల్సిన అవసరం లేకుండా చేయడం. మిగిలిన సొరంగం ఉంటే పసుపు లైన్‌నే నది దాటించి స్క్వేర్‌కి చేర్చండి. సొరంగం లేకపోతే రెండు లైన్లూ ఇంకో స్టేషన్ దగ్గర కూడా కలిసేలా తిప్పండి, గుంపు రెండుచోట్లకి చీలుతుంది. నక్షత్రం, ప్లస్ గుర్తు లాంటివి మ్యాపు మొత్తానికి ఒక్కొక్కటే ఉంటాయి. వాటి మీదుగా వీలైనన్ని లైన్లు నేరుగా వెళ్లేలా మొదటి నుంచీ చూసుకోండి.

ఇంటర్‌చేంజ్, అంటే స్టేషన్‌ని పెద్దది చేసే అప్‌గ్రేడ్, వేస్తే స్టేషన్‌లో 18 మంది పడతారు, ఎక్కడం దిగడం కూడా చురుగ్గా సాగుతుంది. కానీ లైన్ సరిచేయకుండా అదొక్కటే వేస్తే ఆటలో ఇంకో రెండు వారాలు నెట్టుకొస్తారేమో. వారం మారినప్పుడు బోగీయా, కొత్త లైనా, ఇంటర్‌చేంజా అని అడిగితే, ఈ రోగం ఉన్నప్పుడు నా ఓటు కొత్త లైన్‌కే.

మిగతావి

రైళ్లు రెండూ అంటుకుని తిరుగుతుంటే ఒకటి ఎత్తి లైన్ అవతలి కొసన పెట్టండి. లైన్ నది దాటకపోతే సొరంగాలు అయిపోయాయి, ఆటలో తప్పు లేదు. ఒక స్టేషన్ ఏ లైన్‌లోనూ లేకపోవడమూ జరుగుతుంది, నవ్వకండి. ఎక్స్‌ట్రీమ్ మోడ్‌లో గీసింది చెరపలేరు, కాబట్టి పైన చెప్పిన లైన్ తిప్పడాలు అక్కడ కుదరవు. అందులో కొత్త లైన్ చేతికొచ్చినప్పుడు పాత జంక్షన్‌కి తగిలించకుండా వేరే స్టేషన్‌లో కలపండి.