చెట్టు మీద నుంచి పడ్డ మనిషిని ఎలా కదిలించాలి?

తాటిచెట్టు మీద నుంచి ఎవరో పడ్డారని ఫోనొచ్చి అంబులెన్స్‌లో వెళ్తే, చాలా ఊళ్లలో మాకు కనిపించేది ఒకటే. పడ్డ మనిషిని లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టి ఉంటారు. ఒకరు నీళ్లు తాగిస్తుంటారు, ఒకరు అరికాళ్లు రాస్తుంటారు, ఇంకొకరు వెనక నుంచి చంకల్లో చేతులు పెట్టి "లే అన్నా, ఏం కాలే" అంటూ నిలబెట్టబోతుంటారు. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమే ప్రాణం మీదకి తెస్తుంది.

ఒకాయన పడగానే కాలి వేళ్లు ఆడించాడని ఆయన తమ్ముడే నాతో చెప్పాడు. ఆటో వెనక సీట్లో ముడిచి పడుకోబెట్టి మట్టిరోడ్డు మీద తెచ్చారు. మధ్యలో వాళ్లను ఆపి నేను చూసేసరికి ఒక్క వేలూ కదలడం లేదు. దెబ్బ తర్వాత లోపల వాపు పెరిగినా అలా అవుతుంది, కుదుపులకు విరిగిన పూస జరిగినా అవుతుంది. వాపు మన చేతిలో లేదు. కుదుపు మన చేతిలో ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. గీత కార్మికులకే కాదు, మిద్దె మీద నుంచి పడ్డవాళ్లకు, బావిలో పడ్డవాళ్లకు, బండి మీద నుంచి ఎగిరిపడ్డవాళ్లకు కూడా ఇదే పద్ధతి.

ముందు లోపల ఏముందో తెలియాలి

ఇది వదిలేసి నేరుగా పద్ధతిలోకి వెళ్దామనుకునేవాళ్లే పని పాడుచేస్తారు. ఎందుకు చేస్తున్నామో తెలిస్తే చేతులు వాటంతటవే జాగ్రత్తపడతాయి.

వెన్నెముకలో 33 పూసలు. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5, ఆ కింద కలిసిపోయిన 5, చివర తోక ఎముకలో 4. పూసల వెనక భాగాలు ఒకదాని మీద ఒకటి చేరి గొట్టంలా ఏర్పడతాయి. ఆ గొట్టంలో మూడు పొరల మధ్య, నీటిలాంటి ద్రవంలో తేలుతూ వెన్నుపాము ఉంటుంది. మందం మన చిటికెన వేలంత. పెద్దవాళ్లలో పొడవు 45 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటే వెన్నెముక కింది దాకా అది రాదు, నడుము మొదటి రెండు పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందకి నరాలు మాత్రమే కుచ్చులా వేలాడతాయి. దాన్ని గుర్రపు తోక అంటారు, చూస్తే అచ్చం అలాగే ఉంటుంది.

వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయటికొస్తాయి. మెడలో 8, ఛాతీలో 12, నడుములో 5, త్రికంలో (నడుము కింద కలిసిపోయిన పూసల దగ్గర) 5, చివర 1. ప్రతి నరానికీ రెండు వేర్లు. ముందు వేరు కండరాలకు ఆజ్ఞ తీసుకెళ్తుంది, వెనక వేరు చర్మం నుంచి కబురు తీసుకొస్తుంది. రెండూ కలిసి ఒకే నరంగా పూసల సందులోంచి బయటపడతాయి.

చేతిలో నరం తెగితే కుట్టి కలుపుతారు, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతుంది. వెన్నుపాములో తెగిన తీగలు అలా పెరగవు. నలిగినది కోలుకునే అవకాశం ఉంటుంది, తెగినది తిరిగి రాదు. విరిగిన పూస అంచు కొన్ని మిల్లీమీటర్లు లోపలికి జరిగితే చాలు, నలగడం తెగడంగా మారుతుంది. ఛాతీ వెనక ఆ గొట్టం మరీ ఇరుకు, జరగడానికి చోటే లేదు.

ఎత్తు మీద నుంచి కాళ్ల మీదో పిరుదుల మీదో పడ్డవాళ్లలో ఎక్కువగా విరిగేది ఛాతీ చివరి పూస, నడుము మొదటి పూస. వెన్నుపాము కొస సరిగ్గా అక్కడే. మూత్రాన్నీ మలాన్నీ అదుపు చేసేది ఆ కొసే. మడమ ఎముక విరిగిందని కాలికి కట్టుకట్టి పంపేసిన మనిషికి వారం తర్వాత నడుము పూస పగిలిందని తేలడం నేను చూశాను. మడమ విరిగితే నడుము కూడా విరిగిందనే అనుకోండి.

కావలసినవి

మనుషులు ఐదుగురు. గట్టి బల్ల ఒకటి: తలుపు రెక్క, బెంచీ పైచెక్క, సెంట్రింగ్ చెక్క, ఏదైనా సరే. తువ్వాళ్లు, పాత చీరలు. ఒక పెన్ను. నులక మంచం వద్దు, మధ్యలో కుంగుతుంది. దుప్పటిలో వేసి నాలుగు మూలలు పట్టుకుని మోయడం మరీ తప్పు, అందులో మనిషి విల్లులా వంగుతాడు.

మొదటి పని: తల ఆపడం

ఒకరు వెంటనే తల దగ్గర కూర్చోవాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. పడ్డ మనిషి తెలివిలో ఉంటే ఎదురుగా, అతని చూపుకు అందేలా వంగి మాట్లాడండి. పక్క నుంచి పిలిస్తే తల తిప్పుతాడు. "అన్నా, కదలకు. తల ఊపకు, నోటితోనే చెప్పు" అనండి. నొప్పుందా అని అడిగితే మన మనుషులు తలే ఊపుతారు, అందుకే ఆ రెండో మాట.

ఊపిరి ఆడుతోందా, రక్తం ధారగా పోతోందా చూడండి. ఈ రెండూ వెన్నెముక కంటే ముందు. రక్తం పోతుంటే గుడ్డతో గట్టిగా నొక్కిపట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి, మెడ విరిగిందేమోనని ఆగొద్దు. గురక శబ్దం వస్తుంటే తల వెనక్కి వంచకుండా, కింది దవడను రెండు వైపుల నుంచి వేళ్లతో ముందుకు నెట్టండి.

నీళ్లు ఇవ్వొద్దు. కాళ్లు ఎత్తిపెట్టొద్దు. చెట్టెక్కడానికి ఒంటికి కట్టుకున్న మోకు, ముస్తాదు లాగొద్దు, కోసి తీయండి.

రెండో పని: నరాలు ఎక్కడిదాకా పనిచేస్తున్నాయో చూడటం

రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు. నరాలు ఒంటి మీద మెట్లుమెట్లుగా పంచుకుని ఉంటాయి. చేతివేళ్లు పిడికిలి బిగించడం మెడ 8వ నరం. చనుమొనల వరసలో స్పర్శ ఛాతీ 4వది, బొడ్డు దగ్గర 10వది. మోకాలు చాపడం నడుము 3, 4. కాలి బొటనవేలు పైకెత్తడం నడుము 5. భుజం దగ్గర నుంచి కిందికి వేలితో సుతారంగా రాస్తూ "తెలుస్తోందా?" అని అడగండి. తెలియడం ఆగిన చోట చర్మం మీద పెన్నుతో గీత గీయండి, పక్కనే టైం రాయండి.

అరికాలు గీరితే కాలు లాక్కున్నాడని సంబరపడొద్దు. ఆ లాక్కోవడం వెన్నుపాము తనంతట తానే చేస్తుంది, మెదడు అక్కర్లేదు. నిప్పు మీద కాలు పడగానే తెలివికి రాకముందే వెనక్కి తీసుకుంటామే, అదే దారి. మీరు చెప్పినప్పుడు, చెప్పిన వేలే ఆడిస్తేనే పై నుంచి కిందిదాకా తీగ ఉన్నట్టు.

పొట్ట మాత్రమే ఎగిసిపడుతూ ఛాతీ కదలకపోతే మెడలో దెబ్బ తగిలిందనుకోండి. పొట్టను అలా ఎగదోసేది డయాఫ్రమ్ కండరం, దానికి నరం వచ్చేది మెడ 3, 4, 5 నుంచి. అది కూడా ఆగిపోవచ్చు, కళ్లు తిప్పకుండా కనిపెట్టుకుని ఉండండి.

మూడో పని: తిప్పడం

ఇక్కడే అందరూ పాడుచేస్తారు.

అసలు తిప్పాలా? అంబులెన్స్ వస్తోంది, మనిషి వెల్లకిలా ఉన్నాడు, ఊపిరి ఆడుతోంది అంటే తిప్పొద్దు. ఎండ పడితే గొడుగు పట్టండి. చెట్టు పొలం మధ్యలో ఉంటే స్ట్రెచర్ మేమే మోసుకొస్తాం, మీరు రోడ్డు దాకా తేనక్కర్లేదు. వాంతి అవుతుంటే, బోర్లా పడి ఊపిరాడకుంటే, నీళ్లలో ఉంటే, అంబులెన్స్ వచ్చే దారే లేకపోతే మాత్రమే తిప్పాలి.

తల పట్టుకునేవాడే నాయకుడు. సర్పంచ్ వచ్చినా, పడ్డాయన బావమరిది వచ్చినా సరే, మాట అతనిదే. అతను తల వెనక మోకాళ్ల మీద వంగి, మోచేతులు నేలకు ఆనించాలి. చెవుల మీద అరచేతులు పెట్టి తల పట్టుకోవడమే చాలామందికి నేర్పిస్తారు. నేను ఒప్పుకోను. తిప్పేటప్పుడు భుజాలు ముందే కదులుతాయి, చేతుల్లోని తల ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యమే మెడలో మెలిక. రెండు చేతులూ భుజాల కిందికి పోనిచ్చి, మెడకూ భుజానికీ మధ్య ఉండే కండను బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద ఉండేలా పట్టుకోండి. తల మీ రెండు ముంజేతుల మధ్య ఇమిడిపోతుంది. ఇప్పుడు భుజం కదిలితే తలా దాంతోపాటే కదులుతుంది.

తలను మీ వైపు లాగొద్దు. ముక్కు, గడ్డం, బొడ్డు ఒకే గీతలో ఉండాలి. పక్కకు తిరిగి ఉంటే మెల్లగా గీతలోకి తేవాలి. తెస్తుండగా నొప్పి పెరిగినా, చేతుల్లో జివ్వుమన్నా, ఏదో అడ్డుపడుతున్నట్టు అనిపించినా అక్కడే ఆగి, ఎలా ఉందో అలాగే పట్టుకోండి. బలవంతంగా సరిచేసిన మెడను మళ్లీ సరిచేయలేం. చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, వెల్లకిలా వేస్తే గడ్డం ఛాతీ మీదకి వంగిపోతుంది, అందుకని వాళ్ల భుజాల కింద మడతపెట్టిన తువ్వాలు ఉండాలి.

మిగతా ముగ్గురు ఒకే వైపు మోకాళ్ల మీద కూర్చోవాలి. మొదటివాడి చేతులు అవతలి భుజం మీద, నడుము మీద. రెండోవాడివి నడుముకు కాస్త పైన, తొడ కింద. మొదటివాడి కింది చేయి, రెండోవాడి పై చేయి ఒకదాన్నొకటి దాటి ఉండాలి. అలా ఉంటేనే నడుము మధ్యలో వేలాడదు. మూడోవాడు మోకాలు, చీలమండ పట్టుకోవాలి. కాళ్ల మధ్య మడతపెట్టిన చీర పెట్టండి, లేకపోతే పైనున్న కాలు జారి నడుమును మెలితిప్పుతుంది. పడ్డ మనిషి చేతులు ఛాతీ మీద ఉండాలి.

అంకెలు లెక్కపెట్టొద్దు. మూడు అనగానే తిప్పాలా, మూడు అయ్యాక తిప్పాలా అని సగం మంది ఒకటి, సగం మంది ఒకటి అనుకుంటారు. నాయకుడు "పట్టుకున్నారా?" అనాలి. ముగ్గురూ ఒక్కొక్కరుగా "పట్టుకున్నా" అనాలి. అప్పుడు "తిప్పు" అనాలి. ఆ మాటకే అందరూ ఒకేసారి, మెల్లగా, తమ వైపు తిప్పాలి. దుంగ ఎలా దొర్లుతుందో అలా, తల, భుజం, తుంటి, మడమ అన్నీ ఒకే వేగంతో. ముందు ఒకసారి మనిషిని ముట్టుకోకుండా ఉత్తచేతులతో చేసి చూడండి. "టైం లేదు" అంటారు. ఉంది, ఆ ఒక్క నిమిషం ఉంది.

బల్ల దూరేంత తిప్పితే చాలు, పూర్తిగా పక్కకు వద్దు. ఐదో మనిషి వీపు మీద గాయం ఉందేమో కళ్లతో చూసి, పూసలు నొక్కకుండా, బల్లను వీపుకు ఆనించాలి. "దించు" అనగానే బల్లతోపాటు దించాలి. మనిషి బల్ల అంచుకు వస్తే అడ్డంగా నెట్టొద్దు, నడుము కొడవలిలా వంగుతుంది. కొంచెం కిందికి, మళ్లీ పైకి, ఏటవాలుగా జరపాలి. ఇంత చేశాక ఈ చివరి నెట్టుడులో పోగొట్టినవాళ్లున్నారు.

వాంతి అవుతుంటే బల్ల కోసం ఆగొద్దు. ఇదే పట్టుతో పూర్తిగా పక్కకు తిప్పి అలాగే ఉంచండి.

కట్టడం, అప్పగించడం

ఛాతీ, తుంటి, తొడలు ముందు కట్టాలి. తల చివర. తల ముందు కడితే, ఒళ్లు జారినప్పుడు మెడ దగ్గరే వంగుతుంది. తలకు రెండు వైపులా తువ్వాళ్లు చుట్టి పెట్టండి, కానీ పట్టుకున్నవాడు మాత్రం లేవొద్దు. దుప్పటి కప్పండి: దెబ్బ కింది భాగంలో రక్తనాళాలు ముడుచుకోలేవు, చర్మం వెచ్చగా తగులుతూనే లోపలి వేడి బయటికి పోతుంది. స్పర్శ లేని చోట గట్టి చెక్క అరగంటలోనే చర్మాన్ని దెబ్బతీయడం మొదలుపెడుతుంది, కాబట్టి జేబులో తాళాలు, ఫోను, నడుముకున్న కత్తి ముందే తీసేయండి. బల్ల మోయడానికే, పడకకు కాదు.

మేం వచ్చాక ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, ఏ భాగం మీద పడ్డాడు, పడగానే ఏ వేళ్లు ఆడాయి అన్నవి చెప్పండి. ఆ పెన్ను గీతను తుడవనివ్వొద్దు. ఆస్పత్రిలో డాక్టర్ స్పర్శ చూసినప్పుడు అది మీరు గీసిన చోటే ఆగితే ఒక మాట, పొట్ట మీది నుంచి ఛాతీ మీదకి ఎక్కితే ఇంకో మాట. ఆపరేషన్ ఎంత త్వరగా చేయాలో నిర్ణయించేటప్పుడు ఆ తేడా వాళ్లకు కావాలి.