ఎక్స్ఛేంజ్ కార్డు ఉంది, కాల్ లెటర్ రాదు: ఎక్కడ ఆగిందో చూసుకోండి

డిగ్రీ అయిన వారంలో మా నాన్న నాతో రెండు పనులు చేయించారు. ఒకటి సర్టిఫికెట్లన్నీ జిరాక్సులు తీయించడం, రెండోది ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు రాయించడం. ఆ తర్వాత పోస్ట్‌మన్ సైకిల్ బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. ఆ కూర్చోవడంలోనే తప్పుందని తెలియడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

“కార్డు తీసి ఆరేళ్ళయింది, ఒక్క కాల్ లెటరూ రాలేదు”

కారణం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈ ఆఫీసులు 1945లో పుట్టాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇళ్ళకు తిరిగొస్తున్న సైనికులకు పని చూపించడానికి పెట్టారు. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే, వీటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959లో చట్టం చేశారు: ప్రభుత్వ సంస్థలూ, 25 మంది లేదా అంతకు మించి పనివాళ్ళున్న ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఎక్స్ఛేంజ్‌కు తెలపాలని.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఖాళీ ఉందని తెలపాలన్నారు గానీ, ఎక్స్ఛేంజ్ పంపినవాళ్ళనే తీసుకోవాలని ఆ చట్టం ఎక్కడా అనలేదు. అయినా చాలాకాలం ప్రభుత్వ ఆఫీసులు సీనియారిటీ ప్రకారం పేర్లు తెప్పించుకుని వాళ్ళనే పిలిచేవి. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని మార్చింది. ఎక్స్ఛేంజ్ నుంచి పేర్లు తెప్పించుకోవడంతో పాటు పేపర్లో ప్రకటన కూడా ఇవ్వాలనీ, దరఖాస్తు పెట్టిన అందరినీ చూడాలనీ చెప్పింది. గ్రూప్స్ లాంటి పెద్ద నియామకాలు ఎటూ సర్వీస్ కమిషన్ల నోటిఫికేషన్లతోనే జరుగుతాయి. మా నాన్న కాలంలో కాల్ లెటర్ తెచ్చిన దారి అలా సన్నబడిపోయింది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ ఆ పాత చట్టాన్ని తనలో కలుపుకుని, ఎక్స్ఛేంజ్‌కు ‘కెరీర్ సెంటర్’ అని పేరు పెట్టింది.

ఏం చేయాలి? ఉత్తరం కోసం చూడటం మానేసి మీరే వెళ్ళండి. హైదరాబాద్‌లో మల్లేపల్లి ఐటీఐ ఆవరణ, విశాఖలో కంచరపాలెం, మిగతా చోట్ల జిల్లా కేంద్రం. అక్కడి నోటీసు బోర్డు మీద కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పోస్టులు, జాబ్ మేళా తేదీలు అతికిస్తుంటారు. దాంతో పాటు కేంద్రం 2015 జులైలో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు పెట్టండి. అది ఉచితం. అర్థంకాకపోతే దాని హెల్ప్‌లైన్ 1514కి ఫోన్ చేయొచ్చు. తెలంగాణ వాళ్ళకు ‘డీట్’ అనే ప్రభుత్వ ఉద్యోగ సమాచార యాప్ కూడా ఉంది. కార్డు ఒకచోట ఉంది కదా అని మిగతావి వదిలేయకండి.

“కార్డు నా దగ్గరే ఉంది, సిస్టంలో పేరు లేదంటున్నారు”

రెన్యువల్. తొంభై శాతం అదే అనాలనిపిస్తుంది గానీ నేను లెక్కపెట్టలేదు కాబట్టి అనను. నాకు జరిగింది మాత్రం అదే. కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా దాచాం. మూడేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలని దాని మీదే అచ్చులో ఉంది, ఎవరూ చదవలేదు. వెళ్ళేసరికి లైవ్ రిజిస్టర్‌లోంచి, అంటే ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్ళ జాబితాలోంచి, నా పేరు తీసేశారు. కౌంటర్లో ఉన్నాయన కార్డు అటూ ఇటూ తిప్పి, “దీన్ని ఇస్త్రీ చేసి దాచినట్టున్నారే” అన్నాడు.

గడువు దాటితే మళ్ళీ కొత్తగా నమోదు చేసుకోవాలి, పాత సీనియారిటీ పోతుంది. కాబట్టి రెన్యువల్ నెల ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. పెళ్ళయో, ఉద్యోగం వెతుక్కుంటూనో వేరే జిల్లాకు మారితే నమోదును అక్కడికి బదిలీ చేయించుకోండి.

“నా చదువుకు తగ్గవాటికి పిలవడం లేదు”

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన చేతిలో పూర్తిగా ఉన్నది ఇదొక్కటే. నమోదు చేసేటప్పుడు ప్రతి మనిషికీ ఒక వృత్తి కోడ్ ఇస్తారు. జాతీయ వృత్తుల వర్గీకరణలో ఒక్కో పనికి ఒక్కో నంబరు ఉంటుంది. యజమాని ఎలక్ట్రీషియన్ కావాలని రాస్తే, ఆ కోడ్ కింద ఉన్న పేర్లే బయటికొస్తాయి. మా వీధి కుర్రాడు పదో తరగతి కాగానే కార్డు తీశాడు. తర్వాత ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడు, డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నాడు, రెండేళ్ళు అపార్ట్‌మెంట్లలో వైరింగ్ చేశాడు. ఎక్స్ఛేంజ్ లెక్కలో మాత్రం అతను ఇంకా పదో తరగతి పాసైన పిల్లాడే. అతని పేరు ఎలక్ట్రీషియన్ల జాబితాలో ఎలా వస్తుంది?

కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలో దాన్ని నమోదులో చేర్పించండి. అనుభవం ఉంటే, చిన్న షాపులో చేసినదైనా సరే, యజమాని చేత లెటర్ రాయించుకుని అదీ చేర్చండి. ‘ఏ పనైనా చేస్తాను’ అని రాయకండి. అలా రాసినవాళ్ళు ఏ కోడ్ కిందా సరిగా ఇమడరు. పేరు పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోవడం తేలిక.

ఇంకోటి, చెబితే నవ్వుతారు: ఫోన్ నంబరు. ఆఫర్ ఉందని సిమ్ మార్చేస్తాం, కార్డులో పాత నంబరే ఉంటుంది. ఆఫీసు వాళ్ళు పిలుస్తూనే ఉంటారు, ఎవరో అపరిచితుడు ఎత్తుతుంటాడు.

“జాబ్ మేళాకు వెళ్ళాను, సెలెక్ట్ అన్నారు, జీతం చూస్తే ఏడుపొచ్చింది”

మేళాలో బల్ల వేసుకుని కూర్చున్న అందరూ కంపెనీ మనుషులు కారు. చాలామంది మనుషులను సరఫరా చేసే ఏజెన్సీల వాళ్ళు. బోర్డు మీద పెద్ద కంపెనీ పేరుంటుంది, జీతం ఇచ్చేది ఇంకెవరో. కాగితం మీద సంతకం పెట్టేముందు నేరుగా అడగండి: పేరోల్ ఎవరిది (జీతం ఇచ్చేదెవరు), పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, పని ఏ ఊళ్ళో, టార్గెట్లున్నాయా, కోతలు పోను చేతికెంత?

ఆ ఆఖరి ప్రశ్నకు లెక్క ఇదీ. జీతం 15,000 అనుకుందాం, అదంతా బేసిక్, డీఏ కిందే ఉంది. పీఎఫ్ 12 శాతం అంటే 1,800, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 113 పోతాయి. చేతికి 13,087. అదే 15,000 సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అని చెప్పారంటే కంపెనీ కట్టే వాటా కూడా అందులోంచే తీస్తారు, ఇంకా తగ్గుతుంది. హైదరాబాద్‌లో హాస్టల్‌కు, బస్సుకు పోను ఏం మిగులుతుందో అప్పుడే వేసుకోండి. ఈ ప్రశ్నలకు మొహం చిట్లించే బల్ల దగ్గర నిలబడక్కర్లేదు. మేళా పెట్టిన ఉపాధి కల్పనాధికారి ఆ హాల్లోనే ఉంటారు, ఆయనకు చెప్పండి.

“పేరు రాయించుకున్నా భృతి పడలేదు”

నమోదు వేరు, నిరుద్యోగ భృతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన యువనేస్తం కింద నెలకు 1,000 రూపాయలు ఇచ్చారు, దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చింది. అలాంటి పథకం నడుస్తోందా అన్నది ఆఫీసులో అడిగి తెలుసుకోండి, కార్డు ఉంటే చాలు డబ్బు పడుతుందన్న మాట మాత్రం నమ్మకండి.

“ఎంప్లాయిమెంట్ ఆఫీసు నుంచే ఫోన్ చేశారు, ఐదు వేలు కట్టమన్నారు”

అది ఆఫీసు ఫోన్ కాదు. ఉపాధి కార్యాలయం నమోదుకు గానీ ఉద్యోగానికి గానీ డబ్బు తీసుకోదు. ఓటీపీ చెప్పొద్దు, పైసా పంపొద్దు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

గల్ఫ్ వీసా అంటూ పిలిచే ఏజెంటు విషయంలోనూ ఇదే జాగ్రత్త. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఈ కథలు కొత్తేమీ కావు. ఏజెంటు లైసెన్సు ఉన్నవాడో కాదో కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ప్రభుత్వ దారి కావాలంటే విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. పాస్‌పోర్ట్ ఎవరి చేతిలోనైనా పెట్టేముందు ఒక పూట ఖర్చుపెట్టి అక్కడ అడిగి రండి.