కొత్త టీవీ సీజన్ పట్టిక చూసి నీరసం వచ్చిందా? లక్షణం, కారణం, పరిష్కారం

అమెరికాలో ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ చూసే మనవాళ్లకి ఏటా మే నెలలో ఈ నీరసం తప్పడం లేదు. సెప్టెంబరు చివర్లో మొదలయ్యే సీజన్‌లో ఏ రోజు ఏ షో వస్తుందో అప్పుడే చెప్పేస్తారు. యాడ్‌లు ఇచ్చే కంపెనీలను న్యూయార్క్‌కి పిలిచి చెప్పే ఈ తంతుకి అప్‌ఫ్రంట్స్ అని పేరు. అంటే ఆ పట్టిక ముందు యాడ్ టైమ్ కొనేవాళ్ల కోసం, ఆ తర్వాతే మన కోసం. అది గుర్తుపెట్టుకుంటే సగం సంగతులు అర్థమవుతాయి. మీ నిరాశ ఏ రకందో కింద చూసుకోండి.

లక్షణం: పట్టికంతా చదివినా కొత్త కథ ఒక్కటీ కనిపించదు

2025 సెప్టెంబరు పట్టికే తీసుకోండి. మంగళవారం సీబీఎస్‌లో మూడు గంటలూ ఎన్‌సీఐఎస్‌వే: అసలుది, ఆరిజిన్స్, సిడ్నీ. బుధవారం ఎన్‌బీసీలో చికాగో మెడ్, చికాగో ఫైర్, చికాగో పీడీ. గురువారం ఏబీసీలో నైన్-వన్-వన్, దాని వెనకాలే నైన్-వన్-వన్: నాష్‌విల్, ఆ తర్వాత 2005 నుంచీ నడుస్తున్న గ్రేస్ అనాటమీ. శుక్రవారం సీబీఎస్‌లో షెరిఫ్ కంట్రీ, ఫైర్ కంట్రీ, బోస్టన్ బ్లూ. ఈ పన్నెండింటిలో ఆ ఏడాది కొత్తగా వచ్చినవి మూడే. ఒకటి నైన్-వన్-వన్‌కి పిల్ల (అంటే అందులోంచి పుట్టించిన షో, స్పిన్-ఆఫ్), ఇంకోటి ఫైర్ కంట్రీకి పిల్ల, మూడోది 2024 డిసెంబరులో ముగిసిన బ్లూ బ్లడ్స్‌కి పిల్ల.

కారణం: కథలు రాసేవాళ్లకి కరువొచ్చి కాదు. షో ఎవరి సొంతం అన్నదే అసలు విషయం. బయటివాళ్లు తీసిన షోల్లో నెట్‌వర్క్‌లు వాటా తీసుకోకూడదని, వాటిని మళ్లీ ప్రసారాలకి అమ్ముకోకూడదని 1970లో అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనలు పెట్టింది. 1990ల మొదట్లో అవి సడలాయి, 1995లో పూర్తిగా పోయాయి. ఆ తర్వాత నెట్‌వర్క్‌లకి తమ గూటి స్టూడియోల మీదే మొగ్గు పెరిగింది. ఏబీసీ డిస్నీది, ఎన్‌బీసీ కామ్‌కాస్ట్‌ది, సీబీఎస్ పారామౌంట్‌ది. సొంత షో అయితే యాడ్ డబ్బులు, సొంత స్ట్రీమింగ్‌లో చందాలు, విదేశాలకి అమ్మితే వచ్చేది, అన్నీ ఒకే ఇంట్లో ఉంటాయి. కొత్త పేరుని జనం నోళ్లలో నానేలా చేయాలంటే బోలెడు ఖర్చు. పాత పేరుకి ఊరి పేరు తగిలిస్తే ఆ ఖర్చు తగ్గుతుంది. వ్యాపారంగా ఇది నాకు అర్థమవుతుంది. కానీ చందా కట్టలేని ఇంటికి కూడా ఉచితంగా చేరే టీవీలో వారానికి నాలుగు రాత్రులు ఇలా పాత పేర్లతో నిండిపోవడం నాకు నిజంగా బాధగానే ఉంటుంది.

పరిష్కారం: గంట నిడివి పోలీసు, ఫైర్, ఆస్పత్రి డ్రామాలు పక్కనపెట్టి అరగంట కామెడీల వరసలు వెతకండి. నా అంచనాలో నెట్‌వర్క్ టీవీలో సొంత గొంతు ఇప్పుడు అక్కడే ఎక్కువ వినిపిస్తోంది. ఫిలడెల్ఫియాలో నిధుల్లేని ప్రభుత్వ బడి చుట్టూ తిరిగే ఏబీసీ కామెడీ అబాట్ ఎలిమెంటరీ దేనికీ పిల్ల కాదు. దాన్ని సృష్టించి, అందులో టీచరుగా నటిస్తున్న క్వింటా బ్రన్సన్‌కి 2022లో రచనకు ఎమీ అవార్డు వచ్చింది.

లక్షణం: ఇష్టమైన షో పట్టికలోనే లేదు

కంగారు పడేముందు పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే మిడ్‌సీజన్ జాబితా చదవండి. సెప్టెంబరులో చోటు దొరకనివాటిని జనవరికో మార్చికో అట్టిపెడతారు. అలా వచ్చినవి నాసిరకం అనుకుంటే పొరపాటు. గ్రేస్ అనాటమీ, ఎన్‌బీసీ కామెడీ ద ఆఫీస్ రెండూ 2005 మార్చిలో మొదలైనవే. అబాట్ ఎలిమెంటరీ తొలి ఎపిసోడ్ 2021 డిసెంబరులో వచ్చింది.

అక్కడా పేరు లేకపోతే రద్దయిందన్నమాట. అప్పుడు పాత ఎపిసోడ్ ఒకటి చివరిదాకా చూసి, ఆఖర్న వచ్చే స్టూడియో లోగో గమనించండి. షో ఒక నెట్‌వర్క్‌లో వస్తూ, స్టూడియో మాత్రం పోటీ నెట్‌వర్క్ గూటిదైతే రెండు సంగతులు: రద్దయ్యే ప్రమాదం ఎక్కువ, బతికే దారి కూడా ఉంటుంది. బ్రూక్లిన్ నైన్-నైన్‌ని 2018 మేలో ఫాక్స్ రద్దు చేస్తే ఎన్‌బీసీ మర్నాడే తీసుకుంది, ఎందుకంటే దాన్ని తీసింది ఎన్‌బీసీ సోదర సంస్థ యూనివర్సల్ టెలివిజన్. 2023లో ఫాక్స్ వదులుకున్న నైన్-వన్-వన్‌ని ఏబీసీ పట్టుకుంది, అప్పటికే ఆ స్టూడియో డిస్నీ చేతికొచ్చింది. ఈ లెక్క కుదిరితే కొన్నాళ్లు ఆశ పెట్టుకోవచ్చు. షో సొంత గూటిదే అయ్యి రద్దయితే మాత్రం ఆశ తక్కువ.

లక్షణం: షో మొదలవుతుంది, నాలుగు వారాలకే మాయమవుతుంది

మన డైలీ సీరియళ్లు వారమంతా ఆగకుండా వస్తాయి కాబట్టి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి ఇది అసలు అంతుపట్టదు. సెప్టెంబరు చివరి నుంచి మే దాకా ముప్పై అయిదు వారాల చిల్లర. గ్రేస్ అనాటమీ రెండో సీజన్‌లో 27 ఎపిసోడ్‌లు ఉండేవి, 2024-25 సీజన్‌కి 18 అయ్యాయి. మిగిలిన వారాలు పండగలు, పాత ఎపిసోడ్‌లు, ఆటలు. ఆటల బలం తక్కువేం కాదు: టీవీ ఎంతమంది చూశారో కొలిచే నీల్సన్ సంస్థ లెక్కలో 2023లో అమెరికాలో ఎక్కువమంది చూసిన వంద ప్రసారాల్లో 93 ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లే. 2025 అక్టోబరు నుంచి ఎన్‌బీసీ మంగళవారం రాత్రులు కూడా ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌కి వెళ్లిపోయాయి.

పరిష్కారం: పాతుకుపోయిన షోలని సెప్టెంబరులో ముట్టుకోకండి. జనవరి దాకా పోగవనిచ్చి వరసగా చూడండి, తెగిన దారం అతుక్కుంటుంది. ఆదివారం సీబీఎస్ రికార్డు చేసేవాళ్లు మాత్రం ముగింపు సమయానికి ఇంకో గంట కలపండి. ఫుట్‌బాల్ మ్యాచ్ ఆలస్యమైతే సిక్స్టీ మినిట్స్ అనే వార్తా కార్యక్రమంతో మొదలై ఆ రాత్రి అన్నీ వెనక్కి జరుగుతాయి.

లక్షణం: అందరూ బాగుందంటున్నారు, మా ఇంట్లో ఆ ఛానెలే రాదు

డల్లాస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనోల్లో పల్చటి రేకులాంటి యాంటెనా గోడకి అంటించుకున్నవాళ్లకి ఇది తెలిసిన బాధే. ఎన్‌బీసీ, ఫాక్స్ శుభ్రంగా వస్తాయి, ఏబీసీ స్టేషన్ 8.1 ముక్కలు ముక్కలవుతుంది. ఆ స్టేషన్ వీహెచ్ఎఫ్ అనే పొడవాటి తరంగాల మీద వస్తుంది, రేకు యాంటెనాలు చాలావరకు యూహెచ్ఎఫ్ అనే పొట్టి తరంగాల కోసం చేసినవి. రెండు పొడవాటి కడ్డీలున్న యాంటెనా పెట్టండి. అక్కడి టవర్లు నైరుతిన సీడార్ హిల్‌లో ఉంటాయి కాబట్టి దక్షిణం వైపు కిటికీ దగ్గర ఉంచి, టీవీ మెనూలో ఛానెల్ స్కాన్ మళ్లీ చేయండి. వేరే ఊళ్లో ఉంటే మీ టవర్లు ఏ దిక్కున ఉన్నాయో ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోని డీటీవీ మ్యాపులో అడ్రసు కొట్టి చూడొచ్చు.

లక్షణం: నచ్చిన ఒక్క కొత్త షోనీ ఏడాది తిరక్కుండా తీసేస్తారు

ఎక్కువ బాధపెట్టేది ఇదే. కారణం తరచుగా మనం చూసే పద్ధతిలో ఉంటుంది. ప్రసారమైన రోజుకి తోడు తర్వాతి ఏడు రోజుల్లో చూసినవాళ్ల లెక్కకి ఇప్పటికీ విలువ ఉంది. నీల్సన్ చాలాకాలం ఎంపిక చేసిన ఇళ్ల ఆధారంగానే లెక్కగట్టేది. 2025 సీజన్ నుంచి సెట్‌టాప్ బాక్సులు, స్మార్ట్ టీవీల డేటా కూడా కలుపుతోంది. నెట్‌వర్క్ సొంత యాప్‌లో చూసిన ప్రతి నిమిషమూ ఆ కంపెనీకి నేరుగా తెలుస్తుంది.

అందుకే పాత షోలకి చెప్పిన సలహా ఇక్కడ తిరగేయండి. కొత్త షో నచ్చితే పోగేయకండి. దొంగ సైటులో చూస్తే అది ఏ లెక్కలోకీ రాదు. ఏబీసీ, ఫాక్స్ షోలు మర్నాడు హులులో, ఎన్‌బీసీవి పీకాక్‌లో, సీబీఎస్‌వి పారామౌంట్ ప్లస్‌లో వస్తాయి. వారం దాటకముందే, మధ్యలో ఆపేయకుండా చివరిదాకా చూడండి. మొదటి నాలుగైదు ఎపిసోడ్‌లైనా అలా చూస్తే, డిసెంబరు లోపు ఆ షోకి ఇంకొన్ని ఎపిసోడ్‌లు ఇచ్చారో లేదో వార్తల్లో వెతకండి. ఇచ్చారంటే ఆ సీజన్‌కి గండం గడిచినట్టే.