అమెరికాలో ఫుడ్ సైన్స్, న్యూట్రిషన్ చదవడానికి కొత్తగా వచ్చారా? సమ్మర్ రీసెర్చ్ గురించి ఇప్పుడే చూస్కోండి

ఇంకా బస్ రూట్లే అలవాటు కాలేదు, అప్పుడే వచ్చే సమ్మర్ గురించి ఏంటి అనిపిస్తుంది, కానీ ఈ సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాములకి అప్లికేషన్లు ఎక్కువగా నవంబర్, డిసెంబర్లో తెరుస్తారు, జనవరి నుంచి మార్చి లోపు మూసేస్తారు, స్ప్రింగ్ సెమిస్టర్ సగం అయ్యాక వెతికితే ఏమీ మిగలదు. అందుకే ముందే చెప్తున్నా.

నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచేవాటిని ఆర్ఈయూ (రీసెర్చ్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్, అంటే బ్యాచిలర్స్ డిగ్రీ చదివేవాళ్ళ కోసం) అంటారు, అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్ డబ్బుతో నడిచేవి ఆర్ఈఈయూ (రీసెర్చ్ అండ్ ఎక్స్‌టెన్షన్ ఎక్స్‌పీరియన్సెస్ ఫర్ అండర్‌గ్రాడ్యుయేట్స్), మన ఫుడ్, న్యూట్రిషన్ వాళ్ళకి ఈ రెండోది బాగా పనికొస్తుంది. మామూలుగా 8 నుంచి 10 వారాలు ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో పని, మీరు కట్టేదేం ఉండదు, వాళ్ళే స్టైపెండ్ ఇస్తారు, చాలాచోట్ల డార్మ్ కూడా ఇస్తారు.

ముందు ఎలిజిబిలిటీ లైన్ చదవండి. ఈ రెండూ సిటిజన్లకీ గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకీ మాత్రమే, ఎఫ్-1 అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇవ్వరు. ఎంత మంచి జీపీఏ ఉన్నా అంతే, కాబట్టి దాని మీద నెల రోజులు పెట్టి తర్వాత బాధపడొద్దు. ఎఫ్-1 వాళ్ళకి దారి వేరే ఉంది, మీ సొంత యూనివర్సిటీలోనే ప్రొఫెసర్లని అడగండి, అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఆఫీసు ఉంటే అక్కడ యూనివర్సిటీ ఫండ్స్ ఉంటాయేమో అడగండి. సెమిస్టర్లో ఆన్ క్యాంపస్ పని వారానికి 20 గంటలే, ఫాల్‌లో మళ్ళీ చదువు కొనసాగించేవాళ్ళు సమ్మర్ సెలవుల్లో ఫుల్ టైమ్ చేసుకోవచ్చు. వేరే ఊరి ల్యాబ్‌కి వెళ్ళాలంటే సీపీటీ (చదువులో భాగంగా క్యాంపస్ బయట పని చేసుకునే పర్మిషన్) కావాలి, దానికి మామూలుగా ఒక అకడమిక్ ఇయర్ పూర్తవ్వాలి, డీఎస్ఓ (యూనివర్సిటీలో వీసా విషయాలు చూసే ఆఫీసర్) మీ ఐ-20 మీద, అంటే మీ స్టూడెంట్ స్టేటస్ కాగితం మీద, అది వేసి ఇచ్చేదాకా ఒక్క రోజు కూడా పని మొదలెట్టకండి. జీతం లేని పనైనా సరే ముందు డీఎస్ఓని అడగండి.

ఇక అమ్మానాన్నలతో పాటు గ్రీన్ కార్డ్ మీద వచ్చి చదువుతున్న పిల్లలకి ముఖ్యంగా ఒక మాట. సైన్సులో ఇండియన్స్ చాలామందే ఉన్నారు, వెనకబడిన వర్గాల కోసం పెట్టినవి మనకెందుకిస్తారులే అని మనవాళ్ళు పేజీ కూడా తెరవరు, నాకు నిజంగా బాధేసేది ఇదే. ఇంట్లో డిగ్రీ చదివే మొదటి మనిషి మీరే అయినా, పెల్ గ్రాంట్ (ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లల చదువుకి గవర్నమెంట్ ఇచ్చే డబ్బు) వస్తున్నా, కమ్యూనిటీ కాలేజీలో ఉన్నా, రీసెర్చ్ పెద్దగా జరగని చిన్న కాలేజీలో ఉన్నా చాలా ప్రోగ్రాములు మీలాంటివాళ్ళనే వెతుకుతుంటాయి. నాన్న స్టోర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తుంటే మీరు తమ్ముణ్ణి చూసుకుంటూ చదివారంటే అది స్టేట్‌మెంట్‌లో రాయాల్సిన విషయమే, దాచుకోవాల్సింది కాదు. రూల్స్ మాత్రం ప్రోగ్రామ్‌ని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి, పోయినేడు సీనియర్ చెప్పింది పట్టుకోకుండా ఈ ఏడాది పేజీ చదవండి. రికమెండేషన్ లెటర్లు అడగడానికి ప్రొఫెసర్‌కి కనీసం మూడు వారాలు టైమ్ ఇవ్వండి.

సీటు వచ్చి వెళ్ళాక మొదటి చెక్ వెంటనే రాకపోవచ్చు, రెండు మూడు వారాల ఖర్చుకి చేతిలో ఉంచుకోండి. స్టైపెండ్ మీద టాక్స్ ఉంటుంది, చాలాచోట్ల ముందే కట్ చెయ్యరు, కొంచెం పక్కన పెట్టండి. డార్మ్‌లో దుప్పటి, దిండు ఇస్తారో లేదో ముందే మెయిల్ పెట్టి అడగండి. ల్యాబ్‌లోకి చెప్పులతో రానివ్వరు, కాళ్ళు పూర్తిగా కప్పే షూస్, ఫుల్ ప్యాంట్ ఉండాలి.

సెన్సరీ టెస్టింగ్‌లో, అంటే మనుషులతో రుచి, వాసన చూపించి మార్కులేయించే పనిలో పడితే శాంపిల్స్‌కి మూడంకెల నంబర్లు వేస్తారు, రంగు చూసి మార్కులెయ్యకుండా ఎర్ర లైట్ కింద పెడతారు, ఆ రోజు మీరు సెంట్ కొట్టుకెళ్ళకూడదు. మనుషులతో పని అయితే వాళ్ళని కలిసే ముందే ఎథిక్స్ ట్రైనింగ్ ఒకటి ఆన్‌లైన్లో చేయిస్తారు, అది సీరియస్‌గా తీసుకోండి, ఎవరేం తిన్నారో రూమ్మేట్‌కి కూడా చెప్పకూడదు, వాట్సాప్ సంగతి అసలే వద్దు.

24 గంటల రీకాల్ అని ఒకటుంటుంది, నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారో ఒక్కొక్కటీ అడిగి రాసుకోవాలి. ఎవరైనా ఒక కప్పు అన్నం తిన్నాను అంటే వండిందా, బియ్యం కొలతా అని అడగండి, ఎందుకంటే వండిన తెల్లన్నం కప్పుకి దాదాపు 200 కేలరీలు, అదే కప్పు బియ్యం అయితే 675 పైనే. ఇంకోటి, ఇక్కడి కప్పు దాదాపు 240 ఎంఎల్, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. ఇంట్లో రోజూ కుక్కర్ పెట్టే మీకు ఇది చటుక్కున తడుతుంది, టేబుల్ దగ్గర మిగతావాళ్ళకి తట్టకపోవచ్చు. పప్పు, పులుసు లాంటివి ల్యాబ్ వాడే పోషకాల డేటాబేస్‌లో ఇంట్లో చేసే తీరున దొరకవు, దగ్గరగా ఉందని ఏదో సూప్ ఎంచుకుంటే నూనె లెక్క మొత్తం తప్పుతుంది, అప్పుడు రెసిపీగా విడివిడిగా ఎక్కిద్దామని మీటింగ్‌లో చెప్పండి. ఇంగ్లీష్ తడబడినా పర్లేదు, చెప్పండి. ఆ ల్యాబ్‌కి మీరు చేసే అసలు సాయం అదే.

ఆఖరి వారం మీరు చేసిన పనిని ఒక పోస్టర్ మీద పెట్టి అందరికీ చెప్పాల్సి ఉంటుంది, మీ పనిని రెండు నిమిషాల్లో చెప్పడం ముందే ప్రాక్టీస్ చెయ్యండి. నోట్‌బుక్ ల్యాబ్‌దే, ఇంటికి తెచ్చుకోకూడదు, పోస్టర్ ఫైల్ ఉంచుకోవచ్చా అని అడగండి, వచ్చేముందే మెంటర్‌ని ముందు ముందు రికమెండేషన్ లెటర్ ఇస్తారా అని కూడా అడిగేయండి, మీ పని కళ్ళ ముందు ఉన్నప్పుడు అడిగితేనే వాళ్ళకీ వివరంగా రాయడానికి వీలుంటుంది.