క్రిస్మస్ సెలవులు రాకముందే మందుల సంగతి చూసుకోండి

క్రిందటి క్రిస్మస్ మర్నాడు మా బాబాయికి ఫిట్స్ వచ్చాయి. ఎనిమిదేళ్ళుగా రానివి. 24వ తేదీ మధ్యాహ్నం, "ఇంకా రెండు మాత్రలు ఉన్నాయిలే" అనుకుంటూ ఫోన్ యాప్‌లో రిపీట్ ప్రిస్క్రిప్షన్ (రోజూ వాడే మందులకు మళ్ళీ రాయించుకునే చీటీ) అడిగారు. జీపీ సర్జరీ, అంటే మన పేరు నమోదైన డాక్టర్ క్లినిక్, అప్పటికే మూసేశారు. మాత్ర పడకపోవడంతో ఆ రాత్రి ఎమర్జెన్సీలో గడిచింది. ఇంగ్లండ్‌లో ఉన్న మన తెలుగువాళ్ళింట్లో ఈసారి అలా జరగకూడదని రాస్తున్నాను.

నేను చూసినవాళ్ళందరూ చేసే తప్పు ఒకటే. స్ట్రిప్‌లో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు, సర్జరీ తెరిచి ఉండే రోజులు లెక్కపెట్టరు. మన ఊళ్ళో రాత్రి తొమ్మిదింటికి కూడా ఖాళీ స్ట్రిప్ చూపిస్తే మెడికల్ షాపులో చాలా మందులు ఇచ్చేస్తారు. ఆ అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఇక్కడ ఆర్డర్ అంటే డాక్టర్‌కి అర్జీ పెట్టుకున్నట్టే. వాళ్ళు చూసి ఒప్పుకోవడానికి చాలా సర్జరీల్లో రెండు పనిదినాలు పడుతుంది. తర్వాత చీటీ కంప్యూటర్‌లో ఫార్మసీకి వెళ్తుంది. అక్కడ మందులు సర్దడానికి మరో రోజో రెండో. స్టాక్ లేకపోతే ఇంకా ఆలస్యం. డిసెంబరు 25, 26 సెలవులు, వాటికి శని ఆదివారాలు కలిస్తే వరసగా నాలుగు రోజులు సర్జరీ మూతే. వారం తిరక్కుండా మళ్ళీ జనవరి 1.

అందుకే పది రోజుల మాత్రలు ఉండగానే అడగండి. మాత్రలు కాదు, పనిదినాలు లెక్కపెట్టండి.

అడిగేటప్పుడు

ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్‌లో అడగడం తేలిక. అమ్మానాన్నలకు యాప్ రాకపోతే, ప్రిస్క్రిప్షన్‌తో వచ్చే కుడివైపు కాగితంలో కావలసినవాటికి టిక్ పెట్టి సర్జరీలో ఇవ్వొచ్చు. చాలాచోట్ల ఫోన్ చేసి చెబితే తీసుకోరు, మందుల పేర్లు తప్పు వినబడే ప్రమాదం ఉంది కాబట్టి. ఆ కాగితం మీద రివ్యూ తేదీ (మీ మందులను డాక్టర్ మళ్ళీ పరిశీలించాల్సిన తేదీ) చూడండి. అది దాటితే రక్తపరీక్షో బీపీ చెకప్పో అయ్యేదాకా సర్జరీవాళ్ళు మందు ఇవ్వకపోవచ్చు. ఆ సంగతి సెలవుల ముందు రోజు తెలిస్తే ఏం చేస్తారు?

ఇల్లు మారారా? యాప్‌లో ఫార్మసీని కూడా మార్చండి. లేకపోతే చీటీ పాత ఊరికే పోతుంది.

సంక్రాంతికి ఇండియా వెళ్ళేవాళ్ళు

ప్రయాణం కోసం మామూలుకన్నా మరీ ముందుగా అడిగితే "ఇంకా టైం కాలేదు" అని తిప్పి పంపొచ్చు. ప్రయాణం తేదీ రాసి అడగండి. ఇన్సులిన్ చేతి సంచీలోనే ఉండాలి, చెక్ఇన్ సామాన్లలో గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది.

అయినా అయిపోతే

ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ 111కి ఫోన్ చేయండి, లేదా వాళ్ళ వెబ్‌సైట్‌లో అత్యవసర మందులు అడగండి. తెరిచి ఉన్న ఫార్మసీకి పాత డబ్బా తీసుకెళ్తే, తగునని తోస్తే ఫార్మసిస్టు కొన్ని రోజులకు ఇవ్వొచ్చు. అన్ని మందులూ అలా ఇవ్వరు. దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి:

- ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్, స్టెరాయిడ్లు, గుండె మాత్రలు ఒక్క పూట కూడా సొంతంగా ఆపవద్దు.
- మాత్రలు సాగదీయడానికి రోజు విడిచి రోజు వేసుకోవద్దు.
- పక్కింటావిడ బీపీ మాత్ర అడిగి వేసుకోవద్దు.
- ఇండియా నుంచి తెచ్చినవి ఇక్కడివాటితో కలపవద్దు. థైరోనార్మ్, లెవోథైరాక్సిన్ ఒకటే మందు. రెండూ వేసుకుంటే డోసు రెట్టింపు.
- ఇన్‌హేలర్‌లో ఎన్ని పఫ్‌లు మిగిలాయో ఇప్పుడే చూడండి.
- ఉచిత మందుల సర్టిఫికెట్ గడువు చూడండి. దాటిపోయాక ఉచితమని సంతకం పెడితే 100 పౌండ్ల దాకా జరిమానా.
- వాడనివి అడగవద్దు. ఒకసారి ఇంటికి తెచ్చిన మందును ఫార్మసీ ఇంకొకరికి ఇవ్వకూడదు, పారేయాల్సిందే.
- మందులు ఇంటికి వచ్చాక సంచీ విప్పి చూడండి. "తర్వాత ఇస్తాం" అన్న చీటీ లోపల ఉండొచ్చు.
- విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల మందులు కూడా లెక్కపెట్టండి. తిరుగు ప్రయాణం దాకా సరిపోకపోతే ఇప్పుడే సర్జరీలో టెంపరరీ రిజిస్ట్రేషన్ అడగండి.
- మాత్రలు కాదు, పనిదినాలు లెక్కపెట్టండి. క్యాలెండర్ తీసి, 24 నుంచి వెనక్కి ఏడు పనిదినాలు లెక్కేసి ఆ తేదీకి గీత పెట్టండి. ఆ రోజు దాటనివ్వొద్దు.