ధ్రువాల సముద్రపు మంచు ఎంత తగ్గిందో మీరే లెక్క కట్టడం ఎలా?

వానాకాలంలో ఆర్కే బీచ్ ఇసుక కోసుకుపోయినప్పుడల్లా "ధ్రువాల్లో మంచు కరుగుతోంది కదా మరి" అనేవాళ్లు విశాఖలో ఒకరైనా తగులుతారు. ఆ రెండింటినీ ముడిపెట్టకండి. దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుకకు హార్బర్ కట్టడాలు అడ్డుపడటం ఈ కోతకు ఒక ముఖ్య కారణం. ఇక సముద్రం మీద తేలే మంచు కరిగితే నీటిమట్టం దాదాపు పెరగదు. దాన్ని పెంచేవి నేల మీది మంచు కరగడం, నీరు వేడెక్కి వ్యాకోచించడం. తేలే మంచు తగ్గితే వచ్చే చిక్కు వేరు: ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పోయి, దాన్ని తాగేసే నల్లటి నీరు బయటపడుతుంది.

ఎంత తగ్గిందో చూడటానికి ఎక్సెల్ వస్తే చాలు.

ముందు అమెరికాలోని నేషనల్ స్నో అండ్ ఐస్ డేటా సెంటర్ వారి "సీ ఐస్ ఇండెక్స్" నుంచి నెలవారీ ఫైలు దించుకోండి. ఉచితమే. పేరు ఎన్‌తో మొదలైతే ఉత్తరార్ధగోళం, ఎస్‌తో మొదలైతే దక్షిణార్ధగోళం, పక్కన ఉండేది నెల అంకె. ఉత్తరం, 09 తీసుకోండి. ఆర్కిటిక్‌లో మంచు అన్నిటికంటే తక్కువగా ఉండేది సెప్టెంబరులోనే. ఏ ఏడాదైనా అదే నెలతో పోల్చాలి. మే నెల విశాఖ ఉక్కపోతను డిసెంబరుతో పోల్చి వాతావరణం మారిపోయిందంటే ఎవరు ఒప్పుకుంటారు?

ఫైల్లో ఎక్స్‌టెంట్, ఏరియా అని రెండు కాలమ్‌లు కనిపిస్తాయి. అసలు తిరకాసు ఇక్కడే. 1978 చివరి నుంచి ఉపగ్రహాలు మంచు వెలువరించే మైక్రోవేవ్ తరంగాలను పసిగడుతున్నాయి. అందుకే చీకటైనా మబ్బైనా కొలత ఆగదు. సముద్రాన్ని 25 కిలోమీటర్ల గడులుగా విడగొడతారు. ఒక గడిలో 15 శాతమో అంతకు మించో మంచు ఉంటే గడి మొత్తాన్నీ ఎక్స్‌టెంట్‌లో కలుపుతారు. ఏరియాలో అయితే నిజంగా మంచున్న భాగాన్నే కలుపుతారు. వినడానికి ఏరియాయే మెరుగనిపిస్తుంది. కానీ వేసవిలో మంచు మీద నిలిచిన నీటిగుంటలను ఉపగ్రహం సముద్రమే అనుకుంటుంది. పైగా సరిగ్గా ధ్రువం మీద ఉపగ్రహానికి కనబడని గుండ్రటి ఖాళీ ఒకటుంది. 1987 వరకు అది 11.9 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆ తర్వాతి పరికరంతో 3.1 లక్షలకు తగ్గింది. ఏరియా కాలమ్‌లో ఈ ఖాళీని కలపరు కాబట్టి 1987 దగ్గర అంకెలు ఉత్తపుణ్యానికి పైకి గెంతుతాయి. ఎక్స్‌టెంట్‌లో అక్కడంతా మంచే ఉందనుకుని కలుపుతారు. మీరు ఎక్స్‌టెంటే వాడండి.

వేరే నెలలు చూసేవాళ్లు మైనస్ 9999 కనిపిస్తే చెరిపేయండి. ఆ నెల కొలత లేదని దానర్థం. 1987 డిసెంబరు, 1988 జనవరిలో ఇది ఎదురవుతుంది. వదిలేస్తే గ్రాఫు పాతాళానికి పోతుంది.

ఇప్పుడు ఏటా సగటున ఎంత మారిందో చెప్పే స్లోప్ ఫంక్షన్ వేయండి. ముందు ఎక్స్‌టెంట్, తర్వాత సంవత్సరాలు. తారుమారైతే పనికిరాని అంకె వస్తుంది. వచ్చినదాన్ని 10తో హెచ్చించి, 1981–2010 సెప్టెంబరు సగటుతో భాగించి, 100తో హెచ్చించండి. దశాబ్దానికి సుమారు 12 శాతం తగ్గుదల రావాలి. 1979 సెప్టెంబరులో 70 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా ఉన్న మంచు 2012లో దాదాపు 36 లక్షలకు పడిపోయింది. మరుసటేడు మళ్లీ 50 లక్షలు దాటింది. అప్పుడు "కోలుకుంది" అని సంబరపడినవాళ్లూ ఉన్నారు.

మొదలుపెట్టే ఏడాదిని మార్చి కూడా చూడండి. 2007 నుంచి గీస్తే గీత దాదాపు చదునుగా వస్తుంది. ఇది దాచాల్సిన సంగతేం కాదు, కానీ ఆ ముక్క ఒక్కటే చూపించి ఎవరైనా వాదిస్తే మొత్తం గ్రాఫు అడగండి.

దక్షిణం ఫైలు ఇంత సులువుగా లొంగదు. అక్కడ 2014 సెప్టెంబరులో మంచు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటి రికార్డు కొట్టింది, 2023 ఫిబ్రవరిలో రోజువారీ లెక్కన 18 లక్షల లోపుకు దిగి కనిష్ఠ రికార్డు పెట్టింది. రెండు వేర్వేరు నెలలు కాబట్టి వీటిని నేరుగా పోల్చకండి. ఫిబ్రవరి ఫైలు తీసుకుని, 2015 వరకు ఒక గీత, ఆ తర్వాత ఇంకొకటి గీసుకోండి.