ఓపెన్‌వీఎస్‌పీలో మీ విమానం ముక్కు దించుతోందా? తోక మార్చే ముందు సీజీ (బరువు కేంద్రం) చూడండి

సొంత డిజైన్‌తో చిన్న విమానం చేస్తామని అనంతపురం, కడప, కర్నూలు కాలేజీల నుంచి నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది విమానం ఆకారం గీసి లెక్కలు చూసే ఓపెన్‌వీఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెడుతున్నారు. మంచి ఎంపిక. నాసాలో పుట్టి 2012లో ఓపెన్ సోర్స్‌గా బయటికి వచ్చింది. పైసా ఖర్చు లేదు, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఇబ్బందల్లా ఒకటే. లెక్క తేడాగా రాగానే అందరూ ఆకారం మీద పడతారు. రెక్క పెంచుతారు, తోక వంచుతారు, ఎయిర్‌ఫాయిల్ (రెక్క అడ్డుకోత ఆకారం) మారుస్తారు. రెఫరెన్స్ అంకెలున్న విండో తెరిచి ఒక్క నిమిషం చూసేవాళ్లు అరుదు.

రెక్క, ఫ్యూజ్‌లేజ్ (విమానం మొండెం) జోడించడం, ఫైల్ సేవ్ చేయడం మీకు వచ్చనుకుని రాస్తున్నాను. ఉదాహరణకు ఒకే విమానం తీసుకుందాం: రెక్కల పొడవు (స్పాన్) ఆ చివర నుంచి ఈ చివరకు 1.2 మీటర్లు, కార్డ్ (రెక్క ముందు అంచు నుంచి వెనక అంచుకు వెడల్పు) 20 సెంటీమీటర్లు, రెక్క ముందు అంచు ముక్కు నుంచి 30 సెంటీమీటర్ల వెనక, మొత్తం బరువు 900 గ్రాములు.

లెక్కలు చేసే వీఎస్‌పీ ఏరో అసలు తెరుచుకోవడం లేదు

జిప్ ఫైల్‌ను విప్పకుండా లోపలి నుంచే నడుపుతున్నారు. విండోస్‌లో దీనికి ఇన్‌స్టాలర్ ఉండదు. మొత్తం ఫోల్డర్ బయటికి తీసి అక్కడి నుంచి నడపండి. లెక్కలు చేసే ప్రోగ్రామ్ అసలు ప్రోగ్రామ్ పక్కనే ఉండాలి, విడదీయకండి.

నిలువు తోక పైకొకటి, కిందికొకటి వచ్చింది

కొత్తగా పెట్టిన ప్రతి రెక్కకూ కుడి ఎడమల సిమెట్రీ ముందే ఆన్ అయి ఉంటుంది. దాన్ని 90 డిగ్రీలు తిప్పి నిలబెడితే రెండో సగం కిందికి వేలాడుతుంది. సిమెట్రీ ట్యాబ్‌లో ఆ టిక్కు తీసేయండి, అంతే.

స్పాన్ మారుస్తుంటే కార్డ్ కూడా మారిపోతోంది

సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. రెక్కలో ప్రతి సెక్షన్‌కూ మూడు కొలతలు మాత్రమే మీ చేతిలో ఉంటాయి, మిగతావి వాటిని బట్టి అదే లెక్కగట్టుకుంటుంది. మీరు యాస్పెక్ట్ రేషియో (స్పాన్‌కూ సగటు కార్డ్‌కూ నిష్పత్తి), టేపర్ (రెక్క కొసకు సన్నబడే నిష్పత్తి), వైశాల్యం పట్టుకుని కూర్చుంటే స్పాన్ మీ మాట వినదు. స్పాన్, రూట్ కార్డ్ (రెక్క మొదట్లో), టిప్ కార్డ్ (రెక్క కొసలో) ఈ మూడింటినీ ఎంచుకోండి. చేత్తో థర్మాకోల్ కోసి చేసే విమానానికి ఇవే పనికొస్తాయి, స్కేలు పెట్టి కొలవగలిగేవి ఇవే కాబట్టి.

ఇక్కడే ఇంకో మాట. ఓపెన్‌వీఎస్‌పీకి మీటరు, మిల్లీమీటరు, అంగుళం తేడా తెలియదు. 1.2 అని కొడితే అది వట్టి 1.2. రెక్క మిల్లీమీటర్లలో, ఫ్యూజ్‌లేజ్ మీటర్లలో గీసిన ఫైల్స్ ఎన్నో చూశాను. మొత్తం మీటర్లలోనే గీయండి.

సీఎల్ (రెక్క పైకెత్తే బలాన్ని, అంటే లిఫ్ట్‌ను చూపే అంకె) దాదాపు సున్నా వస్తోంది

0.5 రావాల్సిన చోట 0.0012 వస్తే రెక్కలో లోపం వెతకకండి. వీఎస్‌పీ ఏరో విండోలో రెఫరెన్స్ వైశాల్యం మొదట్లో 100 అని ఉంటుంది, స్పాన్ 1, కార్డ్ 1. మన రెక్క వైశాల్యం 0.24 చదరపు మీటర్లు. దాన్ని 100తో భాగిస్తే జవాబు నాలుగు వందల రెట్లకు పైగా చిన్నదవుతుంది. రెఫరెన్స్‌ను మాన్యువల్ నుంచి మోడల్‌కు మార్చి, కింద పేర్లలో ప్రధాన రెక్కను ఎంచుకోండి. తోక ఎంపికై ఉంటే లెక్క ఇంకో రకంగా చెడుతుంది, కాబట్టి ఆ పేరు కూడా చదవండి.

ముక్కు కిందికే పోతోంది, తోక ఎంత వంచినా తేరుకోవడం లేదు

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. "ఏం చేసినా ముక్కు కిందికే పోతాందన్నా, తోక ఎనిమిది డిగ్రీలు వంచినా సరిపోలేదు" అని ఫోన్ వస్తుంది. గ్రాఫ్ పంపమంటాను. సీఎమ్‌వై (ముక్కును పైకో కిందికో తిప్పే మూమెంట్‌ను చూపే అంకె) గీత ఎక్కడో మైనస్ ఒకటి దగ్గర, నిటారుగా కిందికి దిగుతూ ఉంటుంది. చూసినవాళ్లు ఏమనుకుంటారు? విమానానికి ముక్కు బరువెక్కువ, తోక బలం చాలలేదు అనుకుంటారు. తోక పెంచుతారు, ఇంకా వంచుతారు. చివరికి గీత ఎలాగో సున్నాను తాకుతుంది, రివ్యూలో చూపిస్తారు, అందరూ తలాడిస్తారు.

విమానం ముక్కు బరువెక్కువేమీ కాదు. మూమెంట్ ఏ బిందువు చుట్టూ లెక్కించాలో మీరు చెప్పలేదు, అందుకని సాఫ్ట్‌వేర్ సున్నా దగ్గర లెక్కించింది. ఆ బిందువు ఎక్కడుందో రాసే గడి ఎక్స్‌రెఫ్. అది సున్నా అంటే మీ మోడల్‌లో ముక్కు కొస. రెక్క, తోక రెండూ దాని వెనకే ఉన్నాయి కాబట్టి, అవి పుట్టించే లిఫ్ట్ అంతా ముక్కును కిందికే తిప్పుతుంది. గాల్లో విమానం తిరిగేది ముక్కు కొస చుట్టూ కాదు, సీజీ చుట్టూ. కావడి బద్దను మధ్యలో కాకుండా ఒక కొస దగ్గర భుజాన పెట్టుకుని, ఇటు వాలిపోతోందేమిటి అన్నట్టే ఇది.

అలా వంచిన తోకతోనే విమానం కట్టేసిన ఒక బ్యాచ్ నాకు బాగా గుర్తు. అనంతపురం బయట, వేరుశనగ పీకేసిన చేలో చేత్తో విసిరారు. చేయి వదలగానే ముక్కు నిలువుగా లేచింది, వేగం చచ్చింది, తిరగబడి పడింది. మోటర్ వంగింది, రెక్క రెండు ముక్కలైంది. పిల్లలు ఎయిర్‌ఫాయిల్ తప్పని వాదించుకున్నారు. ఎయిర్‌ఫాయిల్‌లో ఏ లోపమూ లేదు. కంప్యూటర్‌లో మాత్రమే ఉన్న ఒక ముక్కు బరువును మోయడానికి వాళ్లు తోక వంచారు. నిజం విమానంలో ఆ బరువు లేదు.

దీన్ని కాస్త తెలిసినవాళ్లు ఇంకో గోతిలో పడతారు, అది ఇంతకంటే ప్రమాదం. ఆ విండోలోనే సీజీ లెక్కించే బటన్ ఉంటుంది. నొక్కితే ఎక్స్‌రెఫ్‌లో ఒక అంకె వచ్చి కూర్చుంటుంది, 0.44 లాంటిది. సాఫ్ట్‌వేరే ఇచ్చింది కదా అని నమ్ముతారు. కానీ ఆ బటన్‌కు మీ బ్యాటరీ తెలియదు, మోటర్ తెలియదు. మీరు సాంద్రత మార్చకపోతే ప్రతి భాగం సాంద్రతా 1. లోపల ఖాళీగా ఉండే ఫ్యూజ్‌లేజ్‌ను నిండు దిమ్మెగా తీసుకుని తూకం వేస్తుంది. నిజం థర్మాకోల్ విమానంలో మోటర్, బ్యాటరీల బరువు ముందు వైపు ఉంటుంది. బటన్ ఇచ్చే సీజీ వెనక్కి జరిగిపోతుంది. అప్పుడు గ్రాఫ్ తలకిందులై గీత పైకి ఎక్కుతుంది, విమానం అస్థిరం అని చూపిస్తుంది. మళ్లీ తోక పెంచుతారు.

సరైన పద్ధతికి రెండు అంకెలు కావాలి: న్యూట్రల్ పాయింట్ (సీజీ దీని వెనక్కి పోతే విమానం అస్థిరం), నిజం సీజీ. మొదటిది ఆకారం నుంచి వస్తుంది, రెండోది తూకం నుంచి.

న్యూట్రల్ పాయింట్ కోసం ఎక్స్‌రెఫ్ సున్నాలోనే ఉంచి, ఆల్ఫా (ఎదురు గాలితో విమానం చేసే కోణం) రెండు మూడు విలువలకు నడపండి. మన ఉదాహరణలో సీఎల్ 0.3 ఉన్నప్పుడు సీఎమ్‌వై మైనస్ 0.53, సీఎల్ 0.7 ఉన్నప్పుడు మైనస్ 1.31 వచ్చిందనుకుందాం. సీఎల్ 0.4 పెరిగితే మూమెంట్ 0.78 తగ్గింది. 0.78ని 0.4తో భాగిస్తే 1.95. దాన్ని కార్డ్ 0.2తో గుణిస్తే 0.39. అంటే న్యూట్రల్ పాయింట్ ముక్కు నుంచి 39 సెంటీమీటర్లు. సీజీ దీనికి ముందే ఉండాలి. మొదటి విమానానికి కార్డ్‌లో 15 శాతం ముందుంటే మంచిది. 20 సెంటీమీటర్లలో 15 శాతం 3 సెంటీమీటర్లు, కాబట్టి సీజీ 36 దగ్గర కావాలి.

ఇప్పుడు తూకం. వంటింటి డిజిటల్ కాటా చాలు. ప్రతి వస్తువునూ తూచి, ముక్కు నుంచి దాని దూరం పక్కన రాయండి. మోటర్, ప్రొపెల్లర్ 90 గ్రాములు, 3 సెంటీమీటర్లు. ఈఎస్‌సీ (మోటర్ వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) 30 గ్రాములు, 10 సెంటీమీటర్లు. బ్యాటరీ 180 గ్రాములు, 15. రెక్క 260, 39 దగ్గర. ఫ్యూజ్‌లేజ్ 200, 42 దగ్గర. సర్వోలు (తోక, రెక్కల్లో కదిలే భాగాలను తిప్పే చిన్న మోటర్లు), రిసీవర్ కలిపి 70, 50 దగ్గర. తోక 70, 95 దగ్గర. ఒక్కో బరువును దాని దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం 900తో భాగిస్తే 35.5 వస్తుంది. కావాల్సింది 36. బ్యాటరీని రెండున్నర సెంటీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోయింది. తోక ముట్టుకునే పనే లేదు.

ఇప్పుడు ఎక్స్‌రెఫ్‌లో 0.36 కొట్టి మళ్లీ నడపండి. గీత కిందికే దిగుతుంది, కానీ మెల్లగా. సున్నాను దాటే చోటు మీరు ఎగరాలనుకున్న సీఎల్‌కు దగ్గరగా లేకపోతే, అప్పుడు తోకను ఒకటి రెండు డిగ్రీలు సర్దండి. అంతకంటే ఎక్కువ వంచాల్సి వస్తోందంటే మళ్లీ రెఫరెన్స్ అంకెలు చదవండి.

సాఫ్ట్‌వేర్ లోపలే బరువులు పెట్టుకోవాలంటే బ్లాంక్ అనే భాగానికి పాయింట్ మాస్ (ఒకే బిందువు దగ్గర బరువు) ఇవ్వొచ్చు. అప్పుడు మిగతా భాగాల సాంద్రతలు కూడా నిజం బరువుకు సరిపోయేలా దిద్దాలి. నా మటుకు ఎక్సెల్ షీటే మేలు, తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది.

విమానం కట్టాక రెక్క కింద, 36 దగ్గర, రెండు వేళ్లు పెట్టి ఎత్తండి. ముక్కు, తోక సమంగా నిలవాలి. బ్యాటరీ లోపల పెట్టి చూడాలి సుమా. బ్యాటరీ లేకుండా బ్యాలెన్స్ చూసి చేనుకు పోయేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

డ్రాగ్ (గాలి నిరోధం) మరీ తక్కువ, లెక్కలో వచ్చిన వేగం ఇక్కడ ఎగరేస్తే సరిపోవడం లేదు

రేనాల్డ్స్ నంబర్ (వేగం, సైజు, గాలి జిగట కలిపి చూపే అంకె) గడిలో కోటి అని ఉంటుంది, అది పెద్ద విమానాల స్థాయి. మనది సెకనుకు 12 మీటర్ల వేగం, 20 సెంటీమీటర్ల కార్డ్. మే నెల మధ్యాహ్నం అనంతపురంలో లెక్కిస్తే సుమారు 1 లక్షా 30 వేలు. ఆ అంకె మార్చండి, ఘర్షణ డ్రాగ్ నిజానికి దగ్గరగా వస్తుంది.

గాలి సాంద్రత కూడా పుస్తకంలోని 1.225 వాడకండి. అనంతపురం సముద్ర మట్టానికి 300 మీటర్లకు పైన ఉంది, ఎండాకాలం 42 డిగ్రీలకు సాంద్రత సుమారు 1.07కు పడిపోతుంది. అదే బరువు మోయడానికి విమానం 7 శాతం వేగంగా పోవాలి. ఉదయం ఆరింటికి ఎగరేసిన విమానం మధ్యాహ్నం బద్ధకంగా ఉండటానికి ఇదే కారణం.

ఆల్ఫా 25 డిగ్రీల్లోనూ లిఫ్ట్ పెరుగుతూనే ఉంది

మామూలు సెట్టింగ్‌లో ఈ లెక్కకు స్టాల్ (కోణం ఎక్కువై రెక్క లిఫ్ట్ కోల్పోవడం) తెలియదు. గీత నేరుగా పోయినంత మాత్రాన మీ రెక్క గొప్పదని కాదు. పది డిగ్రీల పైన వచ్చే అంకెలను రిపోర్ట్‌లో పెట్టకండి.

మిగతావి

తెర నల్లగా వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి. రెక్కను కదిపితే తోక కూడా కదులుతుంటే, తోక రెక్కకు అటాచ్ అయి ఉంది, విడదీయండి. మెష్ పగుళ్లు, ప్రొపెల్లర్ గాలి ప్రభావం, కంప్రెసిబిలిటీ ఇవన్నీ అడుగుతుంటారు. 12 మీటర్ల వేగానికి, 900 గ్రాముల విమానానికి వాటితో పని లేదు, వదిలేయండి.